నడుమును లాగే యంత్రం

అనంతపురం చుట్టుపక్కల ఏళ్ల తరబడి నడుం నొప్పితో బాధపడేవాళ్ల నోట తరచుగా వినిపించే మాట “గ్యాప్”. వెన్నుపూసల మధ్య గ్యాప్ వచ్చిందని కొందరంటారు, ఉన్న గ్యాప్ కాస్తా తగ్గిపోయిందని మరికొందరంటారు. ఒకదానికొకటి పొసగని ఈ రెండు మాటలకూ ఆధారం మాత్రం ఒకే తీరు ఎమ్మారై రిపోర్టు. ఎల్4-ఎల్5 దగ్గరో, ఎల్5-ఎస్1 దగ్గరో, అంటే నడుము అడుగు పూసల మధ్య, డిస్క్ ఉబ్బి నరం వేరును ఒత్తుతోందని అందులో రాసి ఉంటుంది. ఆ సంగతి చెవిన పడ్డాక తగిన వైద్యమేమిటో రోగి మనసే ఊహించేస్తుంది: నొక్కుకుపోయినదాన్ని లాగాలి, తగ్గిన సందును పెంచాలి. “స్పైనల్ డీకంప్రెషన్ థెరపీ”, అంటే వెన్ను మీద ఒత్తిడి తగ్గించే చికిత్స, అన్న పేరుతో ఫిజియోథెరపీ క్లినిక్కులు అందించే చికిత్స ఆ ఊహకు అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. అది అంత తేలిగ్గా నమ్మకం కలిగించడానికి యంత్రం పనితనం కన్నా ఈ పోలికే పెద్ద కారణం. పోలిక ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ తెగిపోతుందో చూస్తే తప్ప దానికి పెట్టే ఖర్చు విలువ తేలదు.

మనిషి వెన్నెముకలో పూసల మధ్య 23 డిస్కులుంటాయి. ప్రతి డిస్కుకూ బయట ఉల్లిపొరల్లాగా వలయాలు వలయాలుగా అల్లుకున్న గట్టి పీచు, లోపల నీటిని పట్టి ఉంచే మెత్తని గుజ్జు ఉంటాయి. డిస్క్ పై పూసకూ కింది పూసకూ గట్టిగా అతుక్కుని ఉంటుంది కాబట్టి, వాడుకలో అంటున్నట్టు అది చోటు తప్పి “జారిపోవడం” జరగదు. జరిగేది పీచు బలహీనపడి డిస్క్ అంచు ఉబ్బడం, లేదా పీచు చిరిగి లోపలి గుజ్జు కొంత బయటికి రావడం. అలా వచ్చిన గుజ్జు నరం వేరును తాకితే నొప్పి పిరుదు నుంచి తొడ మీదుగా పిక్క దాకా లాగుతుంది. దాన్నే సయాటికా అంటారు. అమెరికాలోని బోస్టన్ నగరంలో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు వైద్యులు 1934లో ప్రచురించిన వ్యాసంతో ఈ సంబంధం వైద్యలోకంలో స్థిరపడింది. అప్పటి నుంచి నడుం నొప్పి అనగానే డిస్క్ మీదే చూపు పడడం కూడా మొదలైంది. అయితే నరానికి నొప్పి పుట్టించేది ఒత్తిడి ఒక్కటే కాదన్న సంగతి తరవాతి పరిశోధనల్లో తేలింది. బయటపడిన గుజ్జులోని పదార్థాలు నరం చుట్టూ వాపు, మంట పుట్టిస్తాయి. అందువల్లనే స్కానులో చిన్న ఉబ్బు ఉన్న మనిషి నొప్పితో మెలికలు తిరుగుతుంటే, పెద్ద ఉబ్బు ఉన్న మరో మనిషి బస్తాలు మోస్తూ కనిపించడం అసాధ్యమేమీ కాదు.

రిపోర్టులో రాసినదంతా జబ్బు కాదనడానికి మరింత బలమైన ఆధారం ఉంది. నడుం నొప్పి అసలే లేని 3,110 మంది స్కాన్లను, 33 అధ్యయనాల నుంచి ఒకచోట చేర్చి పరిశీలించిన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. 20 ఏళ్ల వయసువాళ్లలోనే 37 శాతం మందిలో డిస్క్ అరుగుదల కనిపించింది. 50 ఏళ్లకు అది 80 శాతానికి, 80 ఏళ్లకు 96 శాతానికి చేరింది. డిస్క్ ఉబ్బు సైతం 20 ఏళ్ల వాళ్లలో 30 శాతం, 50 ఏళ్ల వాళ్లలో 60 శాతం. వీళ్లెవరికీ నొప్పి లేదని మరోసారి గుర్తు చేయాలి. యాభై దాటిన రైతు నడుముకు ఎమ్మారై తీస్తే ఏదో ఒకటి బయటపడకుండా ఉండడమే అరుదు. కనబడిన మార్పే నొప్పికి కారణమా, లేక తల నెరిసినట్టు వయసుతో వచ్చినదా అన్నది ఫిలిం చెప్పదు. కాలి బలం, స్పర్శ, కాలు నిటారుగా ఎత్తినప్పుడు నొప్పి వచ్చే తీరు చూసి వైద్యుడు తేల్చాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం నడుం నొప్పి కేసుల్లో దాదాపు 90 శాతం ఫలానా భాగం దెబ్బతిన్నదని వేలు పెట్టి చూపలేని రకమే.

ఇక యంత్రం విషయం. రెండు ముక్కలుగా విడిపోయే బల్ల మీద రోగిని పడుకోబెట్టి, ఛాతీకి ఒక పట్టీ, కటి భాగానికి మరో పట్టీ బిగిస్తారు. కంప్యూటర్ నిర్ణయించిన బలంతో కింది పట్టీని మెల్లగా లాగి, కొద్దిసేపు పట్టి ఉంచి, మళ్లీ వదులుతుంది. ఇలా సుమారు అరగంట సాగుతుంది. ఒక్కసారితో అయిపోదు, వారాల తరబడి 20 సిట్టింగుల వరకు చెబుతారు. ఆలోచన మాత్రం కొత్తది కాదు. వెన్నెముకను లాగడానికి తాళ్లూ ఇరుసులూ అమర్చిన బల్ల గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరు మీదే ఉంది. ఇరవయ్యో శతాబ్దం నడుమ లండన్ వైద్యుడు జేమ్స్ సిరియాక్స్ డిస్క్ నొప్పికి ట్రాక్షన్, అంటే వెన్నును లాగే చికిత్స, అవసరమని గట్టిగా వాదించాడు. మన ఆసుపత్రుల్లో మంచం చివర కప్పీ మీదుగా బరువులు వేలాడదీసిన ట్రాక్షన్ పెద్దవాళ్లకు ఇంకా గుర్తుండే ఉంటుంది. ఆ పద్ధతిలో ఒక తమాషా ఉంది. మామూలు మంచం మీద పడుకున్న మనిషి నడుము కింది భాగం కదలాలంటే, పరుపు రాపిడిని దాటడానికే శరీర బరువులో దాదాపు నాలుగో వంతు బలం కావాలి. 60 కిలోల మనిషికి ఇది 15 కిలోలు. వేలాడదీసిన బరువు అంతకన్నా తక్కువైతే వెన్నుపూసలకు చేరే లాగుడు దాదాపు సున్నా. రోగిని మంచం దిగకుండా కట్టిపడేయడమే ఆ ట్రాక్షన్ చేసిన అసలు పని. ఆ పడకే మేలు చేస్తుందని నమ్మిన కాలమది. ఇప్పుడు మంచం పట్టకుండా తిరుగుతూ ఉండడమే మంచిదని వైద్యులు చెబుతున్నారు.

రెండుగా విడిపోయే బల్ల ఆ రాపిడి సమస్యను తీర్చింది. 1990ల ఆరంభంలో ఉత్తర అమెరికాలో వచ్చిన కొత్త తరం యంత్రాలు తమది ట్రాక్షన్ కాదనీ “డీకంప్రెషన్” అనీ చెప్పుకోవడానికి ఊతమిచ్చింది 1994లో న్యూరోసర్జరీ పత్రికలో అచ్చయిన ఒక చిన్న పరిశీలన. యంత్రం లాగుతున్నప్పుడు డిస్క్ లోపల పీడనాన్ని నేరుగా కొలిచి, అది పాదరసం కొలతలో మైనస్ 100 మిల్లీమీటర్ల కిందికి పడిపోయిందని అందులో రాశారు. లోపల ఇలా శూన్యం ఏర్పడితే బయటికి వచ్చిన గుజ్జు వెనక్కి పీల్చుకుంటుందనీ, నీరూ పోషకాలూ డిస్క్ లోకి చేరతాయనీ ఊహ దాని వెంటే పుట్టింది. ప్రచార కరపత్రాల్లో ఇప్పటికీ తిరిగేది ఈ కథే. పరిశీలించింది ఐదుగురు రోగులను మాత్రమేనని కరపత్రం చెప్పదు. లాగుతున్నంతసేపు పీడనం తగ్గిందన్నది ఒక సంగతి. ఇంటికి వెళ్లాక తగ్గి ఉందా, నొప్పి పోయిందా, గుజ్జు వెనక్కి వెళ్లిందా అన్నవి వేరే సంగతులు. వాటికి ఆ కొలతలో జవాబు లేదు.

డిస్క్ మీద పీడనం గురించి ఇంతకన్నా బాగా తెలిసిన విషయాలున్నాయి. స్వీడన్ వైద్యుడు నాకెమ్సన్ 1960లలో సూదితో డిస్క్ పీడనాన్ని కొలిచి, నిలబడినప్పటి కన్నా కూర్చున్నప్పుడు అది ఎక్కువని, పడుకుంటే బాగా తగ్గుతుందని చూపించాడు. 1999లో జర్మనీలో విల్కే బృందం ఒక వలంటీరు డిస్క్ లో కొలత సాధనం ఉంచి రోజువారీ పనులన్నీ చేయించింది. నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కల్ (పీడనం కొలిచే ప్రమాణం) ఉన్న పీడనం, పడుకోగానే 0.1కి దిగింది. నడుము వంచి 20 కిలోల బరువెత్తితే 2.3కి ఎగబాకింది, మోకాళ్లు వంచి అదే బరువెత్తితే 1.7 దగ్గర ఆగింది. తిన్నగా కూర్చోవడం విషయంలో నాకెమ్సన్ కూ విల్కే బృందానికీ కొలతలు కుదరలేదు గానీ, ముందుకు వంగి కూర్చుంటే భారం పెరుగుతుందని ఇద్దరూ తేల్చారు. విల్కే కొలతల్లో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది మరొకటి. ఏడు గంటల నిద్రలో డిస్క్ నీరు పీల్చుకుని, దాని పీడనం 0.10 నుంచి 0.24కి పెరిగింది. అంటే డిస్క్ మీద భారం దించి దానికి నీరు పట్టించే పనిని రాత్రి నిద్ర రోజూ చేస్తూనే ఉంది. పొద్దున లేచినప్పటి ఎత్తు కన్నా సాయంత్రానికి మనిషి ఒకటి రెండు సెంటీమీటర్లు కుదించుకుపోవడం, మర్నాటికి మళ్లీ తేరుకోవడం ఈ కారణం వల్లనే. యంత్రం మీద అరగంటలో పెరిగిన సందు కూడా రోగి లేచి నిలబడి, మెట్లు దిగి, బండి ఎక్కేసరికి శరీర బరువు కిందకు మళ్లీ వచ్చేస్తుంది. ఈ లెక్కలో చూస్తే, బెంగళూరులో ఇదే యంత్రం ఇంకా పెద్దది ఉందని విని రెండు వందల కిలోమీటర్లు బస్సు సీట్లో కూలబడి వెళ్లి, అరగంట లాగించుకుని, మళ్లీ అంతే దూరం వంగి కూర్చుని తిరిగివచ్చే ప్రయాణంలో మిగిలేదేమిటో ఆలోచించవలసిందే.

డిస్క్ మీద భారం పూర్తిగా తీసేస్తే ఏమవుతుందో చూపే ఉదాహరణ భూమి మీద దొరకదు, అంతరిక్షంలో దొరుకుతుంది. గురుత్వాకర్షణ భారం లేని చోట వ్యోమగాముల వెన్నెముక సాగి, ఎత్తు 3 శాతం దాకా పెరుగుతుంది. ఏ యంత్రమూ ఇవ్వలేనంత డీకంప్రెషన్ రోజుల తరబడి వాళ్లకు దక్కుతుంది. అయినా వాళ్లలో సగం మందికి పైగా అక్కడ నడుం నొప్పి వస్తుంది. తిరిగివచ్చాక డిస్క్ చిరిగే అవకాశం మామూలు మనుషుల కన్నా వాళ్లకే ఎక్కువ. ఇది నడుం నొప్పి రోగుల మీద చేసిన పరీక్ష కాదు, దీన్నిబట్టి యంత్రం పనికిరాదని తీర్పు చెప్పడం సరికాదు. కానీ ఒత్తిడి తగ్గితే నొప్పి తగ్గి తీరుతుందన్న సూత్రం అంత సూటిగా పనిచేయదని మాత్రం ఇది స్పష్టంగా చూపిస్తుంది.

తీర్పు చెప్పవలసింది రోగుల మీద జరిగిన పరీక్షలే. యంత్రాన్ని సమర్థించేవాళ్లు తరచుగా చూపేది 2001లో అచ్చయిన ఒక ఆస్ట్రేలియా పరీక్షను. 44 మందిలో కొందరికి డీకంప్రెషన్, మిగిలినవాళ్లకు చర్మం మీద కరెంటు తరంగాలిచ్చే టెన్స్ చికిత్స చేశారు. మొదటి వర్గంలో 68 శాతం మందికి నొప్పి సగానికి పైగా తగ్గిందని, రెండో వర్గంలో ఒక్కరికి కూడా తగ్గలేదని ఫలితం. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. అయితే ఏ చికిత్స అందుతున్నదో రోగికి ముందే తెలుసు, పోల్చిన చికిత్సా బలహీనమైనదే. ఇంతకాలంగా ఉన్న నొప్పి ఒక వర్గంలో ఒక్కరికైనా తగ్గకపోవడమే అనుమానించదగ్గ సంగతి. ఈ లోపాన్ని సరిచేయాలంటే రోగికి తేడా తెలియకుండా, అదే బల్ల మీద, అదే పట్టీలు బిగించి, ఒక వర్గాన్ని నిజంగా లాగి, మరో వర్గాన్ని లాగినట్టు నటించి చూడాలి. నెదర్లాండ్స్ లో 60 మంది దీర్ఘకాలిక రోగులతో అలాగే చేసి 2009లో ఫలితాలు ప్రకటించారు. రెండు వర్గాలకూ యంత్రంతో పాటు క్రమంగా పని పెంచుకునే వ్యాయామ కార్యక్రమం కూడా ఇచ్చారు. నిజంగా లాగిన వర్గంలో నొప్పి బాగా తగ్గింది. లాగినట్టు నటించిన వర్గంలో కూడా తగ్గింది. రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అదే దేశంలో 1990లలో 151 మందితో మామూలు ట్రాక్షన్ మీద ఇదే పద్ధతిలో జరిగిన పరీక్ష కూడా ఇదే చెప్పింది.

ఇలాంటి పరీక్షలన్నిటినీ జల్లెడ పట్టిన సమీక్ష 2013లో వచ్చింది. వైద్య పరీక్షలను ఒకచోట చేర్చి తూచే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ వెలువరించినది అది. 32 పరీక్షలు, 2,762 మంది రోగులు. సయాటికా ఉన్నా లేకపోయినా, విడిగా ఇచ్చినా ఇతర చికిత్సలతో కలిపి ఇచ్చినా, నొప్పి మీద, పనిచేసే శక్తి మీద, తిరిగి పనిలో చేరడం మీద ట్రాక్షన్ ప్రభావం నామమాత్రమేనని అది తేల్చింది. బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ 2016లో నడుం నొప్పికి ట్రాక్షన్ ఇవ్వవద్దని స్పష్టంగా రాసింది. దీర్ఘకాలిక నడుం నొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో విడుదల చేసిన తన తొలి మార్గదర్శకాల్లో, వాడవద్దన్న చికిత్సల జాబితాలో ట్రాక్షన్ నూ, మన దగ్గర మందుల షాపుల్లో విరివిగా అమ్ముడయ్యే నడుం బెల్టునూ పక్కపక్కనే చేర్చింది. తమది ట్రాక్షన్ కన్నా భిన్నమని యంత్రాల తయారీదారులు అనవచ్చు. కానీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) ఆ పరికరాలను చేర్చింది విద్యుత్ తో నడిచే ట్రాక్షన్ పరికరాల తరగతిలోనే. కరపత్రంలో కనిపించే “ఎఫ్‌డీఏ ఆమోదం” అన్న మాటకు కూడా అర్థం అంతవరకే. అప్పటికే మార్కెట్లో ఉన్న పరికరాన్ని పోలి ఉందని ఒప్పుకుని అమ్మకానికి అనుమతిస్తారు, నొప్పి తగ్గిస్తుందని నిరూపించమని అడగరు.

ఇన్ని పరీక్షలు ఇలా చెబుతుంటే, యంత్రం మీద పడుకుని బాగుపడ్డామనేవాళ్లు ఎందుకు కనిపిస్తారన్నది న్యాయమైన ప్రశ్న. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నడుం నొప్పి ఒకే మట్టాన ఉండదు, ఎక్కుతుంది, దిగుతుంది. నిద్ర పట్టనంతగా ఎక్కిన రోజునే మనిషి క్లినిక్ గడప తొక్కుతాడు కాబట్టి, అక్కడి నుంచి అది దిగే అవకాశమే ఎక్కువ. ఆ వారాల్లో ఏ చికిత్స జరిగితే ఆ చికిత్సకే పేరు దక్కుతుంది. బయటికి వచ్చిన డిస్క్ గుజ్జును శరీరమే మెల్లగా కరిగించేస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. శస్త్రచికిత్స లేకుండా గమనించిన రోగుల్లో దాదాపు మూడింట రెండొంతుల మందిలో ఉబ్బు తగ్గిపోవడమో మాయమవడమో జరిగినట్టు 2017 నాటి సమీక్ష ఒకటి లెక్కగట్టింది. విచిత్రంగా, చిరిగి పూర్తిగా బయటపడ్డ ముక్కలే చిన్న ఉబ్బుల కన్నా బాగా కరుగుతాయి, ఎందుకంటే శరీరం వాటిని పరాయి వస్తువుగా గుర్తించి దాడి చేస్తుంది. రెండు నెలల సిట్టింగుల తర్వాత తీసిన కొత్త ఎమ్మారైలో ఉబ్బు తగ్గి కనబడితే ఆ ఘనత యంత్రానికి రాసేయడం సహజమే గానీ, యంత్రం ఎక్కని మనిషిలో కూడా అదే జరిగి ఉండవచ్చు.

దీనికి తోడు మన ప్రాంతంలో మరో కారణం కూడా పనిచేస్తుందనుకోవాలి. తాడిపత్రిలో నల్లబండలు పాలిష్ చేసే కార్మికుడో, వేరుశనగ పెరికే కూలీకి వెళ్లే మహిళో ఇరవై రోజులు వరసగా పట్టణానికి వచ్చి సిట్టింగులు చేయించుకుంటే, ఆ ఇరవై రోజులూ బండ ఎత్తలేదు, పొలంలో వంగలేదు. రోజూ అరగంట ఎవరో శ్రద్ధగా పలకరించారు, పడుకోబెట్టారు, భయపడవద్దన్నారు, బహుశా నాలుగు వ్యాయామాలు కూడా నేర్పారు. నొప్పి తగ్గడానికి ఇవి చాలు. వీటిలో దేనికీ యంత్రం అక్కర్లేదు.

లాగడం వల్ల ఎవరికీ, ఎప్పుడూ మేలు జరగదని కూడా చెప్పలేం. కాలిలోకి నొప్పి దిగినవాళ్లలో ఒక చిన్న వర్గానికి ట్రాక్షన్ మొదటి కొద్ది రోజులు ఉపశమనం ఇవ్వవచ్చని అమెరికాలో 2007లో 64 మందితో జరిగిన పరీక్ష సూచించింది. రెండు వారాలకు కనిపించిన ఆ తేడా ఆరు వారాలకు మిగల్లేదు. ఆ ఆశను నిర్ధారించుకోవడానికి 120 మందితో మళ్లీ చేసి 2016లో ప్రకటించిన పరీక్షలో, వెనక్కి వంగే వ్యాయామాలకు ట్రాక్షన్ జోడించినందువల్ల అదనపు లాభం కనబడలేదు. కాబట్టి మామూలు ట్రాక్షన్ తో కొన్నాళ్లు కాలి నొప్పి తగ్గి, ఆ వెసులుబాటులో రోగి నడక, వ్యాయామం మొదలుపెడితే దాన్ని తప్పుపట్టనక్కర్లేదు. దీర్ఘకాలిక నొప్పికి అదే మూల చికిత్స అని చెప్పి పెద్ద మొత్తం కట్టించుకోవడమే ఆక్షేపించవలసిన విషయం.

పేరు వల్ల పుట్టే గందరగోళం ఒకటుంది. శస్త్రచికిత్సలో నరాన్ని ఒత్తుతున్న డిస్క్ ముక్కనో, ఎముకనో తొలగించడాన్ని కూడా డీకంప్రెషన్ అనే అంటారు. అందువల్ల “ఆపరేషన్ లేకుండా డీకంప్రెషన్” అన్న ప్రకటన, ఆపరేషన్ చేసే పనినే యంత్రం కత్తి లేకుండా చేస్తుందన్న భావన కలిగిస్తుంది. రెంటికీ పేరులో తప్ప పోలిక లేదు. ఆపరేషన్ భయం చూపి యంత్రం వైపు మళ్లించడం కూడా అంత నిజాయతీగల పని కాదు, ఎందుకంటే ఎక్కువమంది ఎదుట ఉన్నవి ఆ రెండు దారులే కావు. తీవ్రమైన సయాటికాతో 6 నుంచి 12 వారాలుగా బాధపడుతున్న 283 మంది డచ్ రోగుల్లో, వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లూ, ఆగి చూసినవాళ్లూ ఏడాది తిరిగేసరికి ఒకే స్థితికి వచ్చారని 2007లో తేలింది. రెండు వర్గాల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. తేడా కోలుకున్న వేగంలోనే. ఆగి చూసినవాళ్లలో 39 శాతం మంది నొప్పి భరించలేక మధ్యలో ఆపరేషన్ కు వెళ్లిన మాట కూడా నిజం.

అనంతపురం లాంటి జిల్లాలో యంత్రం ఎక్కే ముందు తేల్చుకోవలసిన సంగతులు మరికొన్ని ఉన్నాయి, ఇవి విదేశీ కరపత్రాల్లో కనబడవు. మొదటిది ఫ్లోరైడ్. దక్షిణ భారతంలో తాగునీటి ఫ్లోరోసిస్ గురించి వైద్యులు మొదటిసారి రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించి. అనంతపురం జిల్లాలో కూడా అనేక మండలాల భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వందలాది పల్లెలకు నీరు చేర్చింది. అయినా అంతకుముందు దశాబ్దాల పాటు బోరునీళ్లే తాగినవాళ్లు ఇప్పుడు అరవైలు దాటుతున్నారు. ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ వెన్నుపూసలను కలిపే స్నాయువులను ఎముకలా గట్టిపరుస్తుంది. మొదట్లో అది అచ్చం మామూలు నడుం నొప్పిలాగే, పొద్దున లేవగానే పట్టేసినట్టు ఉంటుంది. పోను పోను వంగడం, మెడ తిప్పడం, చేతులు పూర్తిగా పైకెత్తడం కష్టమవుతుంది. ముంజేతి ఎక్స్ రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి ముళ్లలా కనబడితే అనుమానం బలపడుతుంది. ఖర్చు తక్కువే అయినా ఆ ఎక్స్ రే తీయించడం చాలాసార్లు ఎవరికీ తోచదు, చూపంతా నడుము ఎమ్మారై మీదే ఉంటుంది. కర్రలా బిగిసిపోయిన అలాంటి వెన్నెముకలో లాగితే సాగేది ఏమీ లేదు. మరీ బలంగా లాగితే దెబ్బ తగిలే ప్రమాదమే మిగులుతుంది.

రెండోది క్షయ. ఊపిరితిత్తులకే వస్తుందనుకునే టీబీ వెన్నుపూసలను, వాటి మధ్య డిస్కునూ తినేయడం మన దేశంలో అరుదేమీ కాదు. నెలల తరబడి ఒకే చోట నొప్పి, రాత్రిపూట ఎక్కువవడం, సాయంకాలం జ్వరం, ఆకలి మందగించి బరువు తగ్గడం దాని లక్షణాలు. దాన్ని డిస్క్ నొప్పిగా పొరబడి నాలుగు వారాలు లాగుతూ కూర్చుంటే ఆ నాలుగు వారాలూ పూస కరిగిపోతూనే ఉంటుంది. టీబీకి పరీక్షలు, మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. మూడోది ఎముకల గుల్లదనం. నెలసరి ఆగిపోయిన మహిళల్లోనూ, కీళ్ల నొప్పులకని ఆర్‌ఎంపీల దగ్గర ఏళ్ల తరబడి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేయించుకున్నవాళ్లలోనూ పూస చిన్న దెబ్బకే నలిగిపోతుంది. వాళ్లను, గర్భిణులను, వెన్నులో లోహపు స్క్రూలు ఉన్నవాళ్లను, క్యాన్సరో, కడుపులోని పెద్ద రక్తనాళం ఉబ్బో ఉన్నవాళ్లను లాగకూడదు.

వీటికన్నా అత్యవసరమైనది మరొకటి. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారడం, పాదం పైకి ఎత్తలేకపోవడం కనిపిస్తే అది క్లినిక్ వ్యవహారం కాదు. అనంతపురం సర్వజన ఆసుపత్రికో, కర్నూలుకో, కడప రిమ్స్ కో ఆ రోజే చేరాలి. గంటల ఆలస్యం జీవితాంతపు వైకల్యంగా మారుతుంది.

ఇవేవీ లేని మామూలు దీర్ఘకాలిక నొప్పికి మార్గదర్శకాలన్నీ ముక్తకంఠంతో చెప్పేది వ్యాయామమే, మంచం పట్టకుండా ఉండడమే. ఫలానా వ్యాయామమే మిగతావాటికన్నా గొప్పదన్న రుజువు లేదు, మానకుండా చేసేదే మేలైనది. ఆస్ట్రేలియాలో 701 మందితో జరిగి 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరీక్ష ఈ విషయంలో ముచ్చటైనది. నడుం నొప్పి తగ్గినవాళ్లకు క్రమంగా పెంచుకుంటూ వారానికి ఐదు రోజులు అరగంట నడిచేలా, దానితోపాటు నొప్పి గురించి కొంత అవగాహన కలిగేలా ఫిజియోథెరపిస్టులు తోడ్పడ్డారు. నడిచినవాళ్లలో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టగా, ఏమీ చేయనివాళ్లలో సగం మందికి 112 రోజులే పట్టింది. బల్ల మీద అరగంట లాగుడుకూ, తెల్లవారుజామున ఎండ ఎక్కకముందు ఊరి బయట అరగంట నడకకూ పట్టే సమయం ఒక్కటే. దినమంతా పొలంలో తిరిగేవాళ్లకు విడిగా నడక దేనికన్న అభ్యంతరం సబబే. వాళ్ల సమస్య కదలిక లేకపోవడం కాదు, ఒకే భంగిమలో గంటల తరబడి వంగి ఉండడం. వాళ్లకు కావలసింది వంగిన పనిని ముక్కలు చేసుకోవడం, పిరుదుల, తొడల కండరాల బలం, బరువును ఒంటికి దగ్గరగా పెట్టుకుని మోకాళ్ల మీద నుంచి ఎత్తడం. విల్కే కొలతల్లో 2.3కూ 1.7కూ తేడా ఆ మోకాళ్ల వల్లే వచ్చింది. ధర్మవరం గుంత మగ్గంలో కూర్చుని రోజుకు పది గంటలు నేసేవాళ్ల విషయంలో, పీట ఎత్తు పాదాల తొక్కుడుకు తగినట్టు సరిచేసుకోవడం, గంటకోసారి గుంతలోంచి లేచి నిలబడడం యంత్రం కన్నా ఎక్కువ పని చేయవచ్చు. మజూరీ నేసిన చీరను బట్టి వచ్చే పనిలో గంటకోసారి లేవమనడం చెప్పినంత తేలిక కాదన్నది కూడా ఒప్పుకోవాలి.

ఇంత తెలిసిన తర్వాత కూడా ఎవరైనా ఒకసారి లాగించుకుని చూద్దామనుకుంటే, జాగ్రత్తగా చేస్తే అందులో పెద్ద అపాయం లేదు. అయితే అడగవలసిన ప్రశ్నలు కొన్నున్నాయి. చికిత్స చేసేవారికి ఫిజియోథెరపీ డిగ్రీ ఉందా? మొదటి రోజున కాలి బలం, స్పర్శ పరీక్షించారా, లేక ఎమ్మారై కాగితం చూడగానే బల్ల చూపించారా? యంత్రంతో పాటు ఇంటి దగ్గర చేసుకునే వ్యాయామం నేర్పుతున్నారా? ఇరవై సిట్టింగుల సొమ్ము ముందే కట్టమంటే కట్టకుండా, ఏ రోజుది ఆ రోజు చెల్లించడం మేలు. మొదలుపెట్టే ముందు ప్రస్తుతం ఎంత దూరం నడవగలుగుతున్నారో, ఎంతసేపు కూర్చోగలుగుతున్నారో, నిండు బిందె ఎత్తగలుగుతున్నారో లేదో కాగితం మీద రాసుకోవాలి. ఐదారు సిట్టింగుల తర్వాత అదే కాగితం తీసి చూడాలి. బల్ల దిగిన గంటసేపు హాయిగా ఉండడం తప్ప అందులో ఏ అంకె మారకపోతే, మిగిలిన పద్నాలుగు సిట్టింగుల డబ్బు జేబులోనే ఉంచుకోవచ్చు.